కౌన్సెలింగా, కేసా? ఉగ్రవాదాన్ని ఆపే పనిలో రెండు రకాల పొరపాట్లు

ఈ ఎపిసోడ్‌లో కొంచెం ఇబ్బందికరమైన విషయం మాట్లాడుకుందాం. ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడం అనగానే మనకి టీవీలో కనిపించేవి రెండే. పేలుడు జరిగాక లేచే పొగ, ఆ తర్వాత ముఖానికి ముసుగేసి కోర్టుకి తీసుకొచ్చే మనుషులు. అసలు కష్టమైన పని వీటికి ముందే ఉంటుంది. ఒక కుర్రాడు ఇంకా ఏమీ చెయ్యలేదు. కానీ చేస్తాడేమో అని అనుమానం వచ్చింది. అప్పుడేం చెయ్యాలి? కేసు పెట్టి లోపలెయ్యాలా, లేకపోతే కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి ఇంటికి పంపించాలా?

ఎటు వెళ్ళినా పొరపాటు జరగొచ్చు. వదిలేసినవాడు రేపు బాంబు పెట్టొచ్చు. పట్టుకున్నవాడు ఏ పాపం ఎరగనివాడు కావచ్చు. మొదటి పొరపాటు జరిగితే దేశమంతా తెలుస్తుంది. రెండోది జరిగితే ఆ ఇంటికి, ఆ వీధికి తెలుస్తుంది, అంతే. ఈ తేడా వల్ల మన నిర్ణయాలన్నీ ఒకవైపుకే ఒరిగిపోతాయి, దానివల్ల మనకి భద్రత పెరగకపోగా తగ్గుతుంది అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. ఉదాహరణలకి దూరం వెళ్ళక్కర్లేదు, మన హైదరాబాదే చాలు.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. ఉగ్రవాదం అంటే ఒక పని. జనాన్ని భయపెట్టి తాము అనుకున్నది సాధించుకోవడానికి చేసే హింస. అది నేరం, అందులో ఎవరికీ సందేహం లేదు. రాడికలైజేషన్ అంటే ఒక మార్పు. మనిషి ఆలోచన మెల్లిమెల్లిగా ఒక కొసకి జరిగిపోయి, హింస తప్పు కాదు, పైగా అదే ధర్మం అనుకునే దాకా వెళ్ళడం. ఆ దారిలో నడిచేవాళ్ళలో చాలామంది చివరిదాకా వెళ్ళరు. మధ్యలో ఆగిపోతారు, విసుగొస్తుంది, ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది. ఎవరు ఆగుతారో ఎవరు ఆగరో ముందుగా చెప్పే పరికరం ఏ దేశం దగ్గరా లేదు.

చట్టానికి కూడా ఈ గీత ఎక్కడ గియ్యాలో తేలలేదు. 2011లో అరూప్ భుయాన్ కేసులో సుప్రీంకోర్టు, నిషేధిత సంస్థలో ఉత్త సభ్యుడిగా ఉన్నంత మాత్రాన నేరం కాదు, హింసకి పాల్పడటమో ప్రేరేపించడమో ఉండాలి అంది. 2023 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆ తీర్పుని పక్కనపెట్టి, సభ్యత్వమే నేరం అంది. పన్నెండేళ్ళలో గీత ఇటునుంచి అటు జరిగింది. పెద్ద కోర్టుకే ఇంత కష్టంగా ఉంటే, రాత్రి పదింటికి సమాచారం అందుకున్న ఇన్‌స్పెక్టర్ పరిస్థితి ఊహించుకోండి.

సరే, హైదరాబాద్‌కి వద్దాం. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజు జరుగుతుండగా బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట గొడవ జరిగి పోలీసులు కాల్పులు జరిపితే ఇంకో ఐదుగురు చనిపోయారు. మూడు నెలలు దాటిన కొద్దిరోజులకే, ఆగస్టు 25న, లుంబినీ పార్కులో, కోఠీలో గోకుల్ చాట్ దగ్గర జంట పేలుళ్ళు. 42 మంది చనిపోయారు. చాట్ తినడానికి వెళ్ళినవాళ్ళు, లేజర్ షో చూడటానికి వెళ్ళినవాళ్ళు. చదువుకోవడానికి సిటీకి వచ్చిన పిల్లలు.

ఆ రోజుల్లో పోలీసుల మీద ఉన్న ఒత్తిడి ఎలాంటిదో మర్చిపోయి మాట్లాడితే అది న్యాయం కాదు. ఇంకో బాంబు ఎక్కడుందో తెలియదు. మంత్రులు ఫోన్లు చేస్తుంటారు, చానళ్ళు గంటకోసారి అడుగుతుంటాయి, ఎవరినైనా పట్టుకున్నారా అని. ఆ ఒత్తిడిలో పోలీసులు పాతబస్తీ నుంచి, చుట్టుపక్కల నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని తీసుకెళ్ళారు. కొందరిని కోర్టులో హాజరుపరచకుండా ఊరి బయట ఎక్కడెక్కడో ఉంచారని, కొట్టారని, కరెంట్ షాకులు ఇచ్చారని వాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ ఒక న్యాయవాదిని నియమించి విచారణ చేయించింది. చిత్రహింసల ఆరోపణల్లో నిజం ఉందని ఆ విచారణలో తేలింది. వాళ్ళ మీద పెట్టిన కేసులు కోర్టులో నిలబడలేదు.

తర్వాత ఏమైందో చూడండి. కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్రభుత్వం 70 మందికి కలిపి 70 లక్షల పరిహారం ప్రకటించింది. జైల్లో ఉండి నిర్దోషులుగా బయటికొచ్చిన 20 మందికి మూడేసి లక్షలు, పట్టుకుని వదిలేసిన 50 మందికి ఇరవయ్యేసి వేలు. మన దేశంలో ఒక ప్రభుత్వం ఇలా ముందుకు రావడం చాలా అరుదు. కానీ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదు అన్నది అక్కడ వచ్చిన వాదన. న్యాయపరంగా అందులో తర్కం ఉంది, ఎందుకంటే అలాంటి పరిహారానికి మన దగ్గర ఒక చట్టం అంటూ లేదు. లేనిది ఆ చట్టం. దాని ఫలితం అనుభవించింది మాత్రం ఆ కుర్రాళ్ళు.

ఇంతకీ మక్కా మసీదులో బాంబు పెట్టింది ఎవరు? కేసు సీబీఐకి, తర్వాత ఎన్ఐఏకి వెళ్ళింది. దర్యాప్తు పూర్తిగా ఇంకోవైపు తిరిగింది. స్వామి అసీమానంద, మరికొందరు నిందితులయ్యారు. 2010 డిసెంబర్‌లో అసీమానంద మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోలు వాంగ్మూలం ఇచ్చారు. ఆ తర్వాత, ఒత్తిడి చేస్తే ఇచ్చానంటూ దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. చట్టం దృష్టిలో వాళ్ళు నిర్దోషులు. అంటే పదకొండేళ్ళ తర్వాత లెక్క చూస్తే, మసీదులో తొమ్మిది మందిని చంపిన నేరానికి శిక్ష పడ్డవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

ఈ కేసు చదివితే నాకు అర్థమైంది ఇది. అమాయకుల్ని పట్టుకోవడం అంటే అది వాళ్ళ కష్టంతో ఆగిపోదు. మొదటి వారాల్లోనే సాక్ష్యాలు దొరకాలి. సిమ్ కార్డు ఎక్కడ కొన్నారు, సంచి ఎవరు మోశారు, ఎవరు చూశారు? ఆ వారాలు తప్పుడు మనుషుల్ని కొట్టడంలో పోతే, అసలు మనిషికి మనం సమయం ఇచ్చినట్టే. కొట్టినప్పుడు మనిషి ఏదో ఒకటి చెప్తాడు. నొప్పి ఆగడానికి ఏది చెప్పాలో అది చెప్తాడు. ఆ చెప్పినదాని వెంట ఇంకో పది ఇళ్ళకి వెళ్తారు. అలా దర్యాప్తు ఊరంతా తిరుగుతుంది గానీ ముందుకి కదలదు.

పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు అని బ్రిటిష్ వాళ్ళ కాలంనుంచీ మన సాక్ష్య చట్టంలో ఉంది. టాడా, పోటా చట్టాల్లో దానికి మినహాయింపు ఇచ్చారు, పెద్ద పోలీసు అధికారి ముందు ఒప్పుకుంటే చెల్లుతుందని. ఆ రెండు చట్టాలూ దుర్వినియోగం ఆరోపణలతోనే పోయాయి. ఇప్పుడున్న యూఏపీఏలో ఆ మినహాయింపు లేదు. అయినా కొట్టడం ఎందుకు ఆగలేదు అంటే, కోర్టులో చెల్లకపోయినా దారి చూపిస్తుందిలే అనే నమ్మకం. హైదరాబాద్ కేసు ఆ నమ్మకానికి జవాబు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, నన్ను కూడా చాలామంది అడుగుతారు. బాంబు టిక్ టిక్ అంటోంది, అదెక్కడుందో తెలిసినవాడు నీ చేతిలో ఉన్నాడు, అప్పుడైనా కొట్టవా? సినిమాలో ఇది బాగుంటుంది, ఎందుకంటే సినిమాలో వీడే అసలువాడని మనకి ముందే తెలుసు. బయట తెలియదు. ఆ గదిలో కూర్చున్నది గోకుల్ చాట్ పేల్చినవాడో, వాడి పేరే ఉన్న ఇంకో ఆటోడ్రైవరో ఎవరు చెప్పాలి? అసలువాడే దొరికాడన్న ఖాయం ఉన్న సందర్భం చాలా అరుదు. ఆ అరుదైన సందర్భం పేరు చెప్పి అనుమతి ఇస్తే, అది వాడేది మాత్రం రోజూ వచ్చే అనుమానపు కేసుల్లో.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. 2014కి వద్దాం. ఐసిస్ పేరు ప్రపంచమంతా మారుమోగుతున్న కాలం. హైదరాబాద్ నుంచి కొందరు కుర్రాళ్ళు, బంగ్లాదేశ్ మీదుగా దేశం దాటిపోదామని కోల్‌కతా వెళ్ళారు. అక్కడ దొరికిపోయారు. పోలీసులు వాళ్ళని వెనక్కి తీసుకొచ్చారు. కేసులు పెట్టలేదు. తల్లిదండ్రుల్ని పిలిచి, కౌన్సెలింగ్ ఇచ్చి, ఇళ్ళకి పంపించారు. 2007లో అంత చెడ్డపేరు వచ్చిన అదే నగరం, ఏడేళ్ళకి ఇలాంటి పని చేసింది. నేను దాన్ని చిన్న విషయంగా చూడను.

కానీ కథ అక్కడ అయిపోలేదు. 2015 డిసెంబర్‌లో నాగ్‌పూర్ విమానాశ్రయంలో హైదరాబాద్ యువకులు ముగ్గురు దొరికారు. శ్రీనగర్ వెళ్ళి, అక్కడినుంచి సరిహద్దు దాటాలని ప్రయత్నం. అందులో 2014లో కోల్‌కతాలో దొరికిన బృందంలోని వాడు ఉన్నాడు. ఈసారి అరెస్టు చేశారు. 2018 ఆగస్టులో అతన్నే ఎన్ఐఏ ఇంకో కేసులో మళ్ళీ అరెస్టు చేసింది. ఇక మాటలు మొదలయ్యాయి. చూశారా, కౌన్సెలింగ్ ఇస్తే మారతారా వీళ్ళు, మొదటిరోజే లోపలేసి ఉంటే పోయేదిగా, అని.

ఈ విమర్శని కొట్టిపారెయ్యకూడదు. ఆ కుర్రాడు నాగ్‌పూర్‌లో దొరక్కుండా వెళ్ళిపోయి ఉంటే, తిరిగొచ్చి ఏదైనా చేసి ఉంటే, పోయే ప్రాణాలకి జవాబు ఎవరు చెప్తారు? కౌన్సెలింగ్ ఇచ్చిన అధికారేనా? అలా అయితే రేపు ఏ అధికారి కౌన్సెలింగ్ జోలికి వెళ్తాడు? ఇదే నేను చెప్పిన ఒరుగుడు. వదిలేసినందుకు ఉద్యోగం పోవచ్చు. పట్టుకున్నందుకు, అది తప్పైనా, ఎవరి ఉద్యోగమూ పోదు. ఇలాంటి తక్కెడ ముందు కూర్చున్న మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు.

అయితే ఇంకో లెక్క కూడా వెయ్యాలి. కౌన్సెలింగ్ పనిచేసిన మనిషి వార్తల్లోకి రాడు. డిగ్రీ పూర్తి చేసి, ఏ మొబైల్ షాపులోనో కూర్చుని ఉంటాడు. అతని గురించి ఏ చానలూ కథనం చెయ్యదు. చెయ్యకూడదు కూడా. కాబట్టి మన కళ్ళముందు పడేవి ఎప్పుడూ ఫెయిలైనవే. టీకా వేయించుకుని జబ్బు రానివాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు కదా, ఇదీ అంతే.

ఈ సంకటం మనకొక్కరికే కాదు. 2019 నవంబర్ 29న లండన్‌లో జరిగింది చూడండి. ఖైదీలు, యూనివర్సిటీ విద్యార్థులు కలిసి చదువుకునే ఒక కార్యక్రమం ఉంది. దాని సమావేశం లండన్ బ్రిడ్జి పక్కన ఫిష్‌మాంగర్స్ హాల్‌లో జరుగుతోంది. ఉగ్రవాద కేసులో శిక్షపడి, షరతుల మీద విడుదలైన ఉస్మాన్ ఖాన్‌ని దానికి పిలిచారు. మారాడనుకున్నారు. అతను కత్తులతో వచ్చి, ఆ కార్యక్రమంలో పనిచేసే జాక్ మెరిట్, సాస్కియా జోన్స్ అనే ఇద్దరిని చంపాడు. ఒకరికి 25 ఏళ్ళు, ఒకరికి 23. ఎవరైతే ఇలాంటివాళ్ళు మారతారని నమ్మారో వాళ్ళనే చంపాడు. ఇంతకన్నా క్రూరంగా ఒక నమ్మకం ఎలా ఓడిపోతుంది?

కానీ అదే హాల్లో ఇంకో మనిషి ఉన్నాడు. స్టీవెన్ గాలంట్. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడ్డ ఖైదీ, ఆ రోజుకి బయటికి అనుమతి మీద అదే కార్యక్రమానికి వచ్చాడు. ప్రాణాలకి తెగించి ఖాన్‌ని అడ్డుకున్నవాళ్ళలో అతనొకడు. ఒకే కార్యక్రమం, ఒకే హాలు. ఒకడు మారినట్టు నటించాడు, ఇంకొకడు నిజంగా మారాడు. జాక్ మెరిట్ తండ్రి, తన కొడుకు చావుని చూపించి ఇంకా కఠినమైన శిక్షలు తేవద్దని బహిరంగంగా కోరాడు. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం 2020 ఫిబ్రవరిలో, ఉగ్రవాద ఖైదీలు సగం శిక్ష పూర్తవగానే బయటికొచ్చే పద్ధతి రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. నాకు ఇద్దరూ అర్థమవుతారు. ప్రభుత్వం చేసింది తప్పు అని కూడా అనను. ఖాన్ మీద నిఘా పెట్టిన విభాగాల లోపాల్ని ఆ తర్వాత విచారణలో ఎత్తిచూపారు కూడా. అంటే వదిలెయ్యడం ఒక్కటే పొరపాటు కాదు, వదిలేశాక సరిగ్గా కనిపెట్టుకుని ఉండకపోవడం పొరపాటు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఒక కుర్రాడు దారి తప్పుతున్నాడని మొట్టమొదట ఎవరికి తెలుస్తుంది? ఇంటెలిజెన్స్ బ్యూరోకి కాదు. ఇంట్లో అమ్మకి తెలుస్తుంది. అన్నం దగ్గర మాట్లాడటం మానేశాడు, పాత స్నేహితుల్ని వదిలేశాడు, రాత్రంతా ఫోన్‌లో ఏవో వీడియోలు, చెల్లెలితో కొత్తగా కఠినంగా మాట్లాడుతున్నాడు. ఆ తల్లి ఎవరికి చెప్పాలి? చెప్తే ఏమవుతుంది? ఆ ఒక్క ఫోన్ కాల్ మీద మన భద్రత ఎంత ఆధారపడి ఉందో మనం ఆలోచించం.

మహారాష్ట్రలో కల్యాణ్ నుంచి 2014 మేలో నలుగురు యువకులు ఇరాక్ వెళ్ళి ఐసిస్ వైపు చేరారు. వెళ్ళిపోయారని తెలిసి ఇంట్లోవాళ్ళే పోలీసుల దగ్గరికి వెళ్ళారు. అందులో ఒకడు నవంబర్‌లో టర్కీ నుంచి తిరిగొచ్చాడు. ఎన్ఐఏ అరెస్టు చేసింది. చెయ్యాల్సిందే, అందులో తప్పు లేదు, ఎక్కడ ఏం చేసి వచ్చాడో తేలాలిగా. కానీ విచారణ సాగుతూనే ఉంది. 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు బెయిల్‌కి సరేనన్నాక గానీ బయటికి రాలేదు. అంటే ఆరేళ్ళు దాటింది, కేసు మాత్రం తేలలేదు. తప్పు చేశాడని తేలితే శిక్ష వెయ్యండి, చెయ్యలేదని తేలితే వదిలెయ్యండి. ఏదీ తేల్చకుండా ఆరేళ్ళు ఉంచితే, ఇది చూసిన ఇంకో ఊళ్ళో తల్లి ఫోన్ చేస్తుందా, నోరు మూసుకుంటుందా?

ఈ ఆలస్యం చట్టంలోనే ఉంది. యూఏపీఏ కింద చార్జిషీటు వెయ్యడానికి 180 రోజుల దాకా సమయం ఉంది. మామూలు పెద్ద నేరాలకి 90 రోజులే. సెక్షన్ 43డీ(5) ప్రకారం, పైపైన చూస్తే ఆరోపణ నిజమే అనిపిస్తే జడ్జిగారు బెయిల్ ఇవ్వకూడదు. ఆ దశలో సాక్ష్యాల్ని లోతుగా తవ్వి చూడకూడదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2021లో నజీబ్ కేసులో అదే కోర్టు, విచారణ ఎప్పటికీ పూర్తి కాకపోతే సత్వర విచారణ హక్కు ఉంది కాబట్టి బెయిల్ ఇవ్వొచ్చు అంది. ఆ నజీబ్ అప్పటికే ఐదేళ్ళకి పైగా లోపల ఉన్నాడు. గేటు తెరుచుకుంటుంది, కానీ ఐదేళ్ళు తలుపు కొట్టాక.

ఇది ఒక్క మతంవాళ్ళ సమస్య అనుకోకండి. మన అమలాపురంవాడు జి.ఎన్. సాయిబాబా సంగతి మీకు తెలుసు. ఢిల్లీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్, చక్రాల కుర్చీ లేనిదే కదల్లేని మనిషి. మావోయిస్టులతో సంబంధాల ఆరోపణ మీద 2014లో అరెస్టు, 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2020లో తల్లి చనిపోతే చివరిచూపుకి పెరోల్ దొరకలేదు. 2022 అక్టోబర్‌లో హైకోర్టు నిర్దోషి అంది, మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఆపింది. 2024 మార్చిలో హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయాడు. ఆయన రాజకీయాలు మీకు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. నిర్దోషి అని తేలడానికి పదేళ్ళు పట్టింది, ఆ మాట విన్నాక బతికింది ఏడు నెలలు.

ఇదంతా విని, అయితే వీళ్ళని ఏం చెయ్యాలి అంటారు మీరు అని అడగొచ్చు. జవాబు మన దగ్గరే, ఇంకో చోట ఉంది. మావోయిస్టు లొంగుబాట్లు చూడండి. దశాబ్దాలుగా తెలుగు పేపర్లలో ఒక మాట చదువుతున్నాం, జనజీవన స్రవంతిలో కలిశారు అని. అడవిలో ఆయుధం పట్టి, చాలా కేసుల్లో పోలీసుల్నే ఎదిరించిన మనిషి లొంగిపోతే, ఆ మనిషి తలమీద ప్రకటించిన రివార్డు సొమ్మునే ఆ మనిషికి పునరావాసం కింద ఇస్తారు. పోలీసు అధికారే చెక్కు అందిస్తూ ఫోటో దిగుతాడు. ఇది అందరికీ మింగుడు పడే విషయం కాదు. మందుపాతరలో కొడుకుని పోగొట్టుకున్న కానిస్టేబుల్ తల్లి ఆ ఫోటో చూస్తే ఏమనుకుంటుంది? మా అబ్బాయిని చంపినవాళ్ళకి డబ్బులా అని అడిగితే, ఆమెకి చెప్పడానికి మన దగ్గర మంచి జవాబు లేదు. ఆ బాధ మీదే ఆ విధానం నడుస్తోంది. అయినా ఎందుకు నడుపుతున్నారంటే, తిరిగి రావడానికి దారి ఉంటే కొంతమంది వస్తారని అనుభవం చెప్పింది కాబట్టి.

మరి అడవిలోంచి వచ్చినవాడికి ఉన్న దారి, ఇంకా ఇల్లే దాటని కుర్రాడికి ఎందుకు ఉండకూడదు? తుపాకీ పట్టి దించినవాడిని నమ్మగలిగినప్పుడు, తుపాకీ ఇంకా పట్టనివాడి దగ్గర ఎందుకంత భయం? ఇందులో మతం మీద మనకున్న అనుమానం కొంత పనిచేస్తోందని నేననుకుంటాను. పైకి చెప్పుకోం గానీ, ఉంది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి, ఆన్‌లైన్ వలలు. పోలీసులు మారుపేర్లతో గ్రూపుల్లో చేరి, ఎవరు ఏం మాట్లాడుతున్నారో చూస్తారు. చూడాలి, లేకపోతే ముందుగా ఎలా తెలుస్తుంది? కానీ ఊరికే చూడటానికీ, ఊగిసలాడుతున్న పద్దెనిమిదేళ్ళవాడిని ముందుకి తొయ్యడానికీ మధ్య గీత చాలా సన్నం. పద వెళ్దాం, టికెట్ నేను తీస్తా అని మారుపేరుతో ఉన్నవాడే అంటే, అక్కడ నేరాన్ని కనిపెట్టినట్టా, తయారుచేసినట్టా? 2017లో దిగ్విజయ్ సింగ్, తెలంగాణ పోలీసులు ఐసిస్ పేరుతో నకిలీ సైటు నడుపుతున్నారని ఆరోపించారు. పోలీసులు దాన్ని గట్టిగా ఖండించారు, ఆయన మీద కేసు కూడా పెట్టారు. ఆ ఆరోపణని పక్కన పెట్టండి. ఇలాంటి పనిలో ఎంతవరకు వెళ్ళొచ్చు, ఎవరి అనుమతి కావాలి అని రాతపూర్వకమైన గీత ఒకటి చట్టంలోనే ఉంటే, పోలీసులకి కూడా అది రక్షణే. ఆరోపణ వచ్చినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

సరే, చివరికి నేను చెప్పేది ఏమిటి? నాలుగు విషయాలు.

ఒకటి, మొదటి తలుపు పోలీస్ స్టేషన్ కాకూడదు. తల్లిదండ్రులు వెళ్ళి చెప్పుకోవడానికి ఇంకో చోటు ఉండాలి. డాక్టరు, సైకాలజిస్టు, మత విషయాలు తెలిసిన పెద్దమనిషి ఉండే చోటు. అక్కడినుంచి ఏ పరిస్థితిలో పోలీసులకి చెప్తారు, ఏ పరిస్థితిలో చెప్పరు అన్నది ముందే ఆ కుటుంబానికి తెలియాలి. దాడికి సిద్ధమవుతున్న ఆధారం ఉంటే చెప్పి తీరాలి, అందులో రాజీ లేదు. కానీ కోపంగా మాట్లాడటం, చెత్త వీడియోలు చూడటం ఆ జాబితాలో ఉండకూడదు.

రెండు, వదిలెయ్యడం అంటే చేతులు దులుపుకోవడం కాదు. నాగ్‌పూర్ కథ, లండన్ కథ రెండూ చెప్పేది అదే. ఒకరోజు కౌన్సెలింగ్ ఇచ్చి పంపిస్తే చాలదు. ఏడాదో రెండేళ్ళో వెంట ఉండాలి. దానికి మనుషులు, జీతాలు కావాలి. అయితే దానికి ఒక గడువు కూడా ఉండాలి. గడువు అయిపోయాక, ఏమీ లేకపోతే, ఆ పేరు ఆ జాబితాలోంచి తీసెయ్యాలి. లేకపోతే పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర జీవితాంతం వెంటాడుతుంది.

మూడు, కేసు పెట్టాక తొందరగా తేల్చాలి. ప్రత్యేక కోర్టులు అని పేరు పెట్టుకున్నాం కాబట్టి వాటికి ఈ పని ఒక్కటే అప్పగించి రోజూ విచారణ జరపాలి. బాధితులకి కూడా కావాల్సింది అదే. గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసుల్లో తీర్పు వచ్చింది 2018లో. పదకొండేళ్ళు ఎదురుచూశారు ఆ కుటుంబాలవాళ్ళు.

నాలుగు, రెండో రకం పొరపాటుకి ఖరీదు కట్టాలి. ఇప్పుడు దానికి ఖరీదు లేదు. ఒకరిని అకారణంగా అరెస్టు చేయించినవాళ్ళ నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగే పరిహారం, పాత నేర విచారణ స్మృతిలోనూ కొత్తదాంట్లోనూ, వెయ్యి రూపాయలకి మించదు. అన్యాయంగా కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళకి పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం తెమ్మని లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదికలో సిఫారసు చేసింది. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, కానీ దాన్ని ఆమోదించి అమల్లోకి తెచ్చుకోలేదు. పోలీస్ స్టేషన్లలో, ఎన్ఐఏ లాంటి సంస్థల విచారణ గదుల్లో కూడా సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే చెప్పింది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. రాసిపెట్టి ఉన్నవే చెయ్యాలి.

ఇవన్నీ చేసినా ఏదో ఒకరోజు, ఎవరో ఒకరు వదిలేసిన మనిషి ఘోరం చెయ్యొచ్చు. అలా జరగదని నేను హామీ ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. ఆ రోజు మనకి కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ కోపంలో మనం అడిగే ప్రశ్న, వీణ్ణి ఎందుకు వదిలేశారు అని. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా ఆ రోజే అడగగలిగితే చాలు. ఇప్పుడు పట్టుకొస్తున్నవాళ్ళు నిజంగా ఆ పని చేసినవాళ్ళేనా? 2007లో మే నెలలో ఆ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే, మక్కా మసీదులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఈపాటికి జవాబు దొరికి ఉండేదేమో.

ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో విషయంతో కలుద్దాం.